మొదటి నంబరులో యూనివర్సిటీ

ఆగస్టు 8, 2011, సోమవారం
పగలు షిఫ్టు. రాయదుర్గం ఆఫీసు టవర్‌లో కరెంటు రెండుసార్లు పోయింది. జనరేటర్ నలభై నిమిషాలు నడిచింది. రీడింగు రాశాను.
ఇంజనీరింగు కౌన్సెలింగ్‌లో మా రజిత సర్టిఫికెట్లు చూసి సరే అన్నారు. ఇక కాలేజీలను ఒకటి, రెండు అని వరుసలో పెట్టి కంప్యూటర్‌లో ఎక్కించాలి. ర్యాంకు మంచిదే. మా అమ్మాయి ఒకటే మాట మీద ఉంది — యూనివర్సిటీ, ఎలక్ట్రికల్ ఇంజనీరింగు.

ఆగస్టు 9
నా భార్య లక్ష్మికి భయం. "తెలంగాణ అంటే నాకు మాత్రం ఇష్టం లేదా? కానీ ఆ యూనివర్సిటీల రోజూ లొల్లే. టీవీల జూస్తలేవా? లాఠీలు, గ్యాసు... పిల్లను ఆడికి పంపుతవా?" ప్రైవేటు కాలేజీ బస్సయితే ఖాజాగూడలో మా గల్లీ చివరికే వస్తుందట.
నేను అన్నం తిని లేచాను.

ఆగస్టు 10
బావమరిది మల్లేశ్ వచ్చాడు. లక్ష్మే పిలిచినట్టుంది.
"ఫస్ట్ నంబరు ఒక్కటే లెక్క బావా. పక్కా వచ్చేదే పెట్టాలె. నిరుడు మా కొడుక్కు గట్లనే పెట్టిన. దెబ్బకు ఫస్టుదే వచ్చింది!"
కౌన్సెలింగ్ పుస్తకంలో అలా లేదన్నాను.
"నీకు జనరేటర్ ఎరుక. కౌన్సెలింగ్ ఏమెరుక?"
లక్ష్మి నవ్వింది. రజిత నవ్వలేదు.

ఆగస్టు 11
కౌన్సెలింగ్ పుస్తకం మూడోసారి చదివాను. పదో తరగతి తప్పినప్పటి నుంచి ఏది నేర్చుకున్నా ఇలాగే — వేలు పెట్టి, వాక్యం వాక్యం. మొదటి నంబరు దొరకకపోతే రెండోది చూస్తారు. మొదటిది పోయిందని రెండోది పోదు. స్పష్టంగా ఉంది.
చెప్పాలి. ఎలా...

ఆగస్టు 12
నెట్ సెంటర్. నలుగురం. సెంటర్ నడిపే సుబ్బారావు గారు భీమవరం మనిషి. "మొదటిది ఏది కొట్టమంటారండీ?"
మల్లేశ్ ప్రైవేటు కాలేజీ పేరు చెప్పేశాడు. రజిత తల వంచుకుంది.
"ఆగుండ్రి" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. "కరెంటు ఉన్నంతసేపు కరెంటే. పోతే జనరేటర్. ముందుగాల్నే ఎవడన్న జనరేటర్ ఏస్తడా? యూనివర్సిటీ ఒకటి. ప్రైవేటు రెండు."
సుబ్బారావు గారు కుర్చీ తిప్పి చూశారు. "అమ్మో, మీరు మాట్లాడతారా అండీ!"
"దొరికితే?" అంది లక్ష్మి.
"దొరికితే పోతది."
అలాగే ఎక్కించారు.

ఆగస్టు 13
లక్ష్మి కోపం తగ్గలేదు. రజిత మాత్రం రెండుసార్లు టీ ఇచ్చింది.

ఆగస్టు 20, శనివారం
వచ్చింది.
జనరేటర్ గదిలో ఉండగా రజిత ఫోను. "నాయినా, ఫస్టుదే! ఎలక్ట్రికలే!" నేను "మంచిది" అన్నాను. మెట్లెక్కి పైకి వచ్చి ఎండలో నిలబడ్డాను. గేటు దగ్గర కాపలా ఉండే యాదగిరికి చెప్పాను. అతను లోపలికి వచ్చే ప్రతి కారునూ ఆపి చెప్పాడు. కార్డు చూపించబోయినవాళ్ళు నాకు చెయ్యి కలిపి వెళ్ళారు!
మధ్యాహ్నం రీడింగు రాయలేదు. ఈ ఉద్యోగంలో మొదటిసారి.

ఆగస్టు 21
మల్లేశ్ స్వీట్లు తెచ్చాడు. రజిత తల నిమిరాడు.
"మావోని ర్యాంకు దీనికన్న మంచిదే గద బావా..."
టీ పోశాను.

సెప్టెంబరు 5, సోమవారం
రజితను చేర్పించి వచ్చాను. ఎత్తయిన రాతి గోడలు. సంతకం నా చేత పెట్టించారు. పూర్తి పేరు రాశాను.
బయట తెలంగాణ కోసం విద్యార్థుల దీక్షా శిబిరం. ఎవరో అమ్మాయి పిలిస్తే రజిత వెళ్ళి కూర్చుంది. పది నిమిషాలు. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను. రమ్మనలేదు. వద్దనీ అనలేదు. నినాదానికి రజిత పెదవులు కదిలాయి, నావి కూడా.
క్లాసులు ఎప్పుడో ఎవరికీ తెలియదు.
ఇంటికి రాగానే లక్ష్మి — "ఆడ లొల్లి గిట్ల ఏమన్న ఉన్నదా?"
రజిత నా ముఖం చూసింది.
"కాలేజీ గేటు తెరిచే ఉన్నది" అన్నాను.