పెట్టెకు పది సెకన్ల ఓపిక కోరుతూ

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారి సముఖమునకు,
వైర్‌లెస్ ఇంటర్నెట్ సరఫరా సంస్థ, ప్రధాన కార్యాలయం.

అయ్యా,

విషయం: మా మేడ మీది ఇంటర్నెట్ పెట్టె రెండు టవర్ల మధ్య అదే పనిగా గెంతుచుండుట, దానివలన నా భార్య మాట మధ్యలో తెగిపోవుచుండుట గురించి.

సూచిక: నా పదకొండు ఫిర్యాదులు. అన్నియు "పరిష్కరించబడినవి" అని ముగించబడినవి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను మూడో అంతస్తులో కాపురముంటున్న తమ చందాదారుడను. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయినవాడను. నా భార్య బస్సు స్టేషన్‌లో ఏ బస్సు ఎక్కడ ఆగునో మైకులో ప్రకటించు ఉద్యోగం చేసినది. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా డ్రైవర్లు బండి కదిపేవారు కారు. అయిదు నెలల క్రితం ఆమెకు పక్షవాతం వచ్చినది. కాలూ చెయ్యీ కోలుకున్నవి గాని మాట పడిపోయినది. మాట నేర్పు టీచరమ్మ వేరే ఊళ్లో ఉన్నందున వారానికి మూడు రోజులు, ఉదయం పదకొండు గంటలకు, తెర మీదనే పాఠం చెప్పుచున్నారు. మొదటి ఆరు నెలల్లో ఎంత వస్తే అంత, ఆ తరువాత కష్టమని డాక్టరు చెప్పినారు. అందులో ఒక్క నెల మిగిలినది.

2. పెట్టె బిగించిననాడు తమ సిబ్బంది, ఇక్కడికి నీళ్ల ట్యాంకు టవరు, గోదాము టవరు రెండూ సమానంగా అందుచున్నవనీ, ఇంత అదృష్టం అందరికీ పట్టదనీ నన్ను అభినందించినారు. ఆ అదృష్టమే ఇప్పుడు మా కొంప ముంచుచున్నది. పెట్టె కాసేపు ట్యాంకును పట్టుకొనును. అంతలోనే దానికి గోదాము నచ్చును. మారిన ప్రతిసారీ నలభై సెకన్లు లైను ఉండదు. మొన్న సోమవారం అరగంట పాఠంలో తొమ్మిది సార్లు మారినది. నేను వ్రాసి పెట్టుకొన్న కాగితం జతపరచడమైనది.

3. ట్యాంకు టవరు తమ తూర్పు కార్యాలయం పరిధిలోనిది, గోదాము టవరు పడమటి కార్యాలయం పరిధిలోనిది. నేను ఫిర్యాదు చేయునప్పుడు పెట్టె ఏ టవరు మీద ఉన్నదో ఆ కార్యాలయానికి నా కాగితం చేరును. వారు తెరిచి చూచులోగా పెట్టె రెండోదాని మీదికి గెంతును. అంతట "చందాదారుడు మా పరిధి నుండి తరలి వెళ్లినాడు" అని వ్రాసి మూసివేయుచున్నారు. తమ రికార్డుల ప్రకారం నేను ఒక్క మంగళవారం నాడే నలభై ఒక్క సార్లు ఇల్లు మారినాను. అయ్యా, ఆ రోజు నేను గుమ్మం కూడా దాటలేదు.

స్వయంగా కూడా వెళ్లినాను. పడమటి కార్యాలయంలో గుమస్తా నన్ను తూర్పుకు పొమ్మన్నాడు. రెండు బస్సులు మారి తూర్పుకు చేరితే, అక్కడి అమ్మాయి పాపం మర్యాదగానే తన తెర నా వైపు తిప్పి, "మీరిక్కడ లేరు బాబాయ్ గారూ, ఇప్పుడే పడమటికి వెళ్లిపోయారు" అన్నది. ఎదురుగా కూర్చుని చెమట తుడుచుకుంటున్న మనిషిని వెళ్లిపోయాడంటే అతడేమి చేయవలెనో తమరే సెలవివ్వవలెను.

4. గత్యంతరం లేక వంటింటి అల్యూమినియం పళ్లెం ఒకటి గోదాము వైపు అడ్డం వచ్చేట్టు పెట్టెకు కట్టితిని. రెండు పాఠాలు నిశ్చింతగా జరిగినవి. మూడో పాఠం నాటికి, సంస్థ పరికరమునకు అన్యవస్తువు తగిలించినందుకు సంజాయిషీ కోరుతూ నోటీసు వచ్చినది. తమ నుండి నాకు వేళకు అందినది ఇంతవరకు అదొక్కటే.

5. ఆ పళ్లెం విప్పుటకు నిచ్చెన వేసుకుని వచ్చిన మెకానిక్కు మంచివాడు. నా గోడు విని పెట్టె మీద చెయ్యి వేసి, "దీనికి ఓపిక లేదండీ. పక్కది రవ్వంత బాగుందనిపిస్తే చాలు, పట్టుకున్నది వదిలేసి దూకుతుంది. పది సెకన్లు ఆగి చూడమంటే సగం దూకుళ్లు అక్కర్లేదు" అన్నాడు. ఆ మాట పెట్టెకు చెప్పగలిగినది ప్రధాన కార్యాలయం మాత్రమేనట. అందుకే ఈ అర్జీ.

6. ఇక అసలు సంగతి. పళ్లెం విప్పిన తరువాతి పాఠం నుండి టీచరమ్మ, చివరలో సొంతంగా ఒక వాక్యం చెప్పమని మా ఆవిడను అడుగుచున్నారు. ప్రతిసారీ ఆమె "మా ఆయన..." అని మొదలుపెట్టును. తరువాతి మాట కోసం వెతుక్కొనును. సరిగ్గా అప్పుడే తెర మీద టీచరమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోవును. మళ్లీ లైను వచ్చేసరికి ఈవిడ చెయ్యి విదిలించి గోడవైపు తిరుగును. ఇట్లు అయిదు సార్లు జరిగినది.

అయ్యా, ముప్పై ఎనిమిదేళ్ల కాపురం. "మా ఆయన" తరువాత ఏముందో తెలియక నాకు అన్నం సయించడం లేదు. పాఠం లేని వేళల్లో నేనే అడుగుతున్నాను. మా ఆయన మంచివాడా? మతిమరుపు మనిషా? మందులు వేళకిస్తాడా? ఇలా మాటలు అందించవద్దని టీచరమ్మ నన్ను రెండుసార్లు మందలించిన మాట నిజమే. సగం మాట కనబడితే పూర్తి చెయ్యకుండా ఉండలేను, అది నా వృత్తి. అయినా ప్రేమకొద్దీ చేసినదే.

గత శుక్రవారం ఆమె తెర ముందు కూర్చోనన్నది. "వద్దు" అన్నది. ఎక్కడా తడబడకుండా వచ్చింది ఆ మాట. నాకు ఏడుపొచ్చింది.

కావున తమరు దయతో ఆ పెట్టెకు పది సెకన్ల ఓపిక మంజూరు చేయవలెను. లేదా దానిని ఏదో ఒక టవరుకు కట్టివేయవలెను. ట్యాంకయినా గోదామయినా నాకు పట్టింపు లేదు. ఈ నెల దాటిన తరువాత చేయు మేలు మాకు మేలు కాదని మనవి. ఇది తమరే స్వయంగా చిత్తగించవలెను గాని, ఇంకొక కార్యాలయానికి పంపవద్దని వేడుకోలు.

తమ విధేయుడు,
మూడో అంతస్తు చందాదారుడు
(ఇల్లు మారలేదు)

తా.క. తప్పులు పట్టుకోవడానికి ఏదైనా పైకి చదవడం నాకు అలవాటు. ఈ అర్జీ మా ఆవిడ పక్కన కూర్చుని చదివాను. అయిదో అంశం దగ్గర ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. "మా ఆయన..." అంది. తెర లేదు, టీచరమ్మ లేదు. అలవాటు చొప్పున నా నాలుక చివరికి నాలుగు మాటలు వచ్చాయి. మెకానిక్కు చెప్పింది గుర్తొచ్చి నోరు మూసుకుని అంకెలు లెక్కపెట్టాను. పది దాటింది. ఇరవై దాటింది. ఇరవై ఆరు దగ్గర ఆమె వాక్యం పూర్తి చేసింది.

"మా ఆయన... ఆగడు."

ఈ ఫిర్యాదు ఎవరి పరిధిలోకి వస్తుందో నాకు తెలుసు కనుక, దీన్ని తమ దగ్గరికి పంపడం లేదు. పెట్టె సంగతి మాత్రం తమరు చూడండి. సోమవారం పదకొండు గంటలకు పాఠానికి కూర్చుంటానంటోంది. నా మీద చెప్పవలసినవి ఆమెకు ఇంకా చాలా ఉన్నట్టున్నాయి.