ఎడమ చెవిలో మోత

శ్రీకూర్మం

చిరంజీవి ఆశ్రితకు నాన్న దీవెనలు. మీ అమ్మ కులాసాగానే ఉంది. నేనూ కులాసా అని రాస్తే అబద్ధం. ఫోన్లో నీ మాట చెవి మోతలో కలిసిపోతోంది, అందుకే ఈ ఉత్తరం.

చీము కారుతోందా అని అడిగావు. చీము కాదు, వెల్లుల్లి నూనె. డోలు వాయించే నూకయ్య "సెవిలో గాలి సేరినాది బాబూ, నూనె ఎయ్యండి, పోతాది" అన్నాడు. నెల్లాళ్ళు పోయించుకున్నాను. దిండంతా జిడ్డు, మెడంతా జిడ్డు. మీ అమ్మ ముక్కు మూసుకుని "ఏటండీ ఈ కంపు, డాక్టరు దగ్గరికి వెళ్ళరేటి?" అని గోల పెడితే శ్రీకాకుళం వెళ్ళాను.

డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసి, తెర మీద నాకూ చూపించింది. కర్ణభేరి వెనక ఎర్రటి కండ, కొట్టుకుంటోంది. చూడలేక తల తిప్పేసుకున్నాను. ఆవిడ నా నాడి పట్టుకుని, వినిపించే మోతని బల్ల మీద వేళ్ళతో వెయ్యమంది. వేశాను. నాడికీ నా వేళ్ళకీ తేడా లేదు.

గడ్డ సంగతి అమ్మ చెబితే, ముక్క తీసి పరీక్షకి ఎందుకు పంపలేదని రాశావు. అది రక్తనాళాల ముద్దట, గిల్లితే రక్తం ఆగదట. స్కానింగులో తేల్చారు. గ్లోమస్ అనే అరుదైన గడ్డ. కేన్సరు కాకపోవచ్చంటున్నారు. వచ్చే నెల ఆపరేషను. ఆ చెవికి వినికిడి పోయినా పోవచ్చు.

ఇక నువ్వు అడగనిది. శ్రీముఖలింగం కచేరీలో పక్కన కూర్చుని తాళం వేస్తూ, "తప్పింది, లే" అని అందరి ముందూ నిన్ను మృదంగం దగ్గర నుంచి లేపేశాను. అందరికీ గురువుని, నా మాట కాదనేవాళ్ళు ఎవరూ లేకపోయారు. నువ్వు మళ్ళీ మృదంగం ముట్టలేదు. ఊరందరికీ తాళం దిద్దేవాణ్ణి, నా గుండె చప్పుడే తాళం అనుకున్నాను.

అది తెలియక చేశాను. తెలిసి చేసినదే రోత. మర్నాడే రికార్డింగు పెట్టి, ఫోన్లో తాళం యాప్‌తో సరిచూశాను. నువ్వు ఎక్కడా జారలేదు. తప్పు నాదని ఆ రోజే తెలిసింది. పది నెలలు నోరు విప్పలేదు. మీ అమ్మ "పిల్లది నిజంగా తప్పిందేటండీ?" అని అడిగితే, తప్పిందనే చెప్పాను. ఆ గడ్డని చూసినప్పటికన్నా ఆ మాట తలుచుకుంటే నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేస్తోంది.

ఇవాళ ఉదయం అమ్మకి నిజం చెప్పాను. అన్నం పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళ మాట సరిగ్గా వినిపించకపోయినా, కచేరీకి వచ్చినవాళ్ళందరికీ ఫోన్ చేసి చెబుతున్నాను. ఈ చెవి పనిచేస్తుండగా ఒకసారి వచ్చి వాయించమని అడగాలని ఉంది. అడిగే ముఖం లేదు. నాకు వినిపించకపోయినా సరే, నువ్వు మాత్రం వాయించు తల్లీ.

ఇట్లు,
మీ నాన్న
వేంకటాచలం