నీళ్ల గొట్టానికి కట్టిన తీగ

విదిన్,
1999 జూన్ 8, మంగళవారం.

చిరంజీవి ఓగ్నియన్‌కు, వదిన దోన్కా దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ మీ అన్నయ్యా నేనూ కాళ్లూ చేతులూ ఆడుతూ బాగానే ఉన్నాం. వర్నాలో మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉన్నారనీ, సముద్రపు గాలికి నీ దగ్గు తగ్గిందనీ తలుస్తాను.

మర్యాదలు అయ్యాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను. నాకు భయంగా ఉంది ఓగ్నియన్. వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు.

ఫోన్ చేయొచ్చు కదా వదినా అంటావు. ఫోన్ వంటింటి గుమ్మం పక్కన ఉంది, మీ అన్నయ్య ఎప్పుడూ వంటింట్లోనే ఉంటాడు, ఆయన బయటికి పోయే అయిదు నిమిషాల్లో వర్నాకు లైను కలవదు. పోయినేడు ఆయన పేరుపండగ విందు నాడు నువ్వు భోజనాల బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోయావు చూడు, ఆనాటి నుంచి నీ పేరు వినపడితే చాలు, చెంచా అక్కడే వదిలేసి బాల్కనీలోకి పోతాడు. అందుకని ఆయన సిగరెట్లకు వెళ్లినప్పుడల్లా నాలుగు ముక్కలు రాసి, కాగితం పిండిడబ్బాలో దాస్తున్నాను.

సంగతంతా మా పెళ్లినాటి ఫ్రిజ్‌ది. మేనెల మొదట్లో అది మూలగడం మొదలుపెట్టి, ఆనక మూలగడం కూడా మానేసింది. కొత్తది కొనే రోజులా ఇవి? మెకానిక్‌ను పిలుద్దామన్నానో లేదో, మా ఇంట్లోకి ఇంకో మగాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తే నేను బయటికి పోతానన్నాడు. నీకు తెలియనిదేముంది, ఈ ఊళ్లో మగవాళ్లందరికీ అదే జబ్బు. చెత్తకుండీల దగ్గర ఎవరో పారేసిన ఫ్రిజ్ ఒకటి పడి ఉంటే, దాని పొట్ట కోసి ఏవో ముక్కలు పట్టుకొచ్చాడు. వంటింటి నేల మీద వెల్లకిలా పడుకుని మా ఫ్రిజ్ వెనక చేతులు పెట్టి, టార్చి సరిగ్గా పట్టుకోవడం కూడా రాదా నీకు అని నన్ను తిట్టాడు.

ఆ తిట్టుకు నేనెంత సంతోషించానో నీకెలా చెప్పను. ఫ్యాక్టరీ మూతపడి మూడేళ్లయింది. ఆ మూడేళ్లూ కిటికీ ముందు కూర్చుని డాన్యూబ్ నది మీద పోయే పడవల్ని చూస్తూ ఉండిపోయాడు. పలకరిస్తే ఊ అనేవాడు, లేకపోతే అదీ లేదు. అలాంటి మనిషి ఆ ఫ్రిజ్ కింద పడుకుని ఈల వేశాడు. చివరికి అది నడిచింది, ఐసు కూడా కట్టింది. మా మెట్లదారిలో ఉన్నవాళ్లందరినీ పిలిచి చల్లని రకియా సారా గ్లాసుల్లో పోశాడు.

తరవాత అది కరవడం మొదలుపెట్టింది. తడిచేత్తో తలుపు పట్టుకుంటే మోచేతి దాకా చీమలు పాకినట్టయింది. నీ చెయ్యి తడిగా ఉంది, తప్పు నీదే అన్నాడు. మర్నాడు ఆయన్నే కరిచింది, అప్పుడు తప్పు ఫ్రిజ్‌దయింది. వెనక రంగు గీకి, ఒక తీగ బిగించి, దాన్ని సింకు కింద నుంచి తీసుకెళ్లి నీళ్ల గొట్టానికి కట్టాడు. ఇక నోరు మూసుకుని పడుంటుంది చూడు అన్నాడు. పడుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కానీ నువ్వు ఆ రోజు బల్ల దగ్గర చెప్పింది ఇదే కదా. నేను వడ్డిస్తూ సగం విన్నాను గాని, విన్నది మరచిపోలేదు. ఈ పాత ఇళ్ల గోడల్లో ఎర్త్ లేదన్నావు. ప్రతివాడూ తన మిషన్‌ను నీళ్ల గొట్టానికి కట్టి హాయిగా నిద్రపోతాడనీ, కింద ఇంట్లో ఎవడైనా ఇనుప గొట్టం తీసి ఒక్క జానెడు ప్లాస్టిక్ గొట్టం వేయించుకుంటే కరెంటుకు నేలలోకి దారి పోతుందనీ, అప్పుడది పై ఇళ్ల కుళాయిల్లో కూర్చుంటుందనీ అన్నావు. దానికి మీ అన్నయ్య, కరెంటు పని సర్టిఫికెట్ కాగితం పట్టుకొచ్చి నా బల్ల దగ్గర నాకే పాఠం చెబుతావట్రా అన్నాడు. మిగతాది నీకు తెలుసు.

అన్నిటికన్నా అడుగు ఇంట్లో ఉండే బీరుకొట్టు కీరో మార్చిలో తుప్పు గొట్టం పీకించి ప్లాస్టిక్‌ది వేయించుకున్నాడు. దాన్ని చూపించడానికి మమ్మల్నందరినీ పిలిచాడు కూడా.

పోయిన వారం రలిత్సా పైకి వచ్చింది. మా కింది ఇంటి పిల్ల, పచ్చి బాలింతరాలు. మొహంలో నెత్తురు చుక్క లేదు. దోన్కా పిన్నీ, మా కుళాయి కరుస్తోంది, టబ్బులో నిలబడి తిప్పబోతే భుజం దాకా లాగేసింది అంది. నా చేతిలో ఉన్న గిన్నె జారి పడింది. పాపం, భయపడకు పిన్నీ అని ఆ పిల్లే నాకు ధైర్యం చెప్పింది.

ఇన్నాళ్లూ పసివాడికి గదిలోనే చిన్న తొట్టిలో కాచిన నీళ్లు పోస్తున్నారు. వచ్చే ఆదివారం నలభయ్యో రోజు. గుడికి తీసుకుపోయే ముందు పెద్ద టబ్బులో, కుళాయి కింద, మూలికలేసి స్నానం చేయించాలని రలిత్సా అత్తగారు గేనా పట్టు పట్టింది. తల్లి పిల్లాడితో టబ్బులో కూర్చుంటుంది, ఒక చేత్తో కుళాయి తిప్పుతుంది. కళ్లు మూసుకున్నా నాకదే కనిపిస్తోంది.

ప్లగ్ పీకెయ్యవచ్చు కదా అంటావేమో. పీకాను. ఊడిపోయిందనుకుని మీ అన్నయ్య మళ్లీ పెట్టి, టేపు చుట్టి, ఫ్రిజ్‌ను గోడకు నెట్టేశాడు.

ఆయనకే చెప్పొచ్చు. చెప్పిన మరుక్షణం తీసేస్తాడు, అంత చెడ్డవాడు కాదు. తరవాత ఏమవుతాడన్నదే నా భయం. తన చేత్తో చేసిన పని ఒక పసికందును చంపబోయిందని తెలిస్తే, తిరిగి ఆ కిటికీ ముందుకు పోతాడు. ఈసారి పిలిచినా ఇటు తిరగడు. ఏది పెద్ద భయమో నాకు తెలుసు ఓగ్నియన్, నువ్వు చెప్పనక్కర్లేదు. ఏదో వంక పెట్టుకుని ఒక్కసారి వచ్చిపో. అన్నను చూడాలనిపించిందను, మా ఊరి చేప తినాలనిపించిందను, ఏదో ఒకటి చెప్పు.

గురువారం.

ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. పోస్టాఫీసుకు బయల్దేరితే ఆయన కూడా చొక్కా వేసుకున్నాడు. ఎవరికి రాస్తున్నావన్నాడు. ఎవరికీ లేదు, ఉప్పు కోసం అన్నాను. ఇద్దరం ఉప్పు కొనుక్కుని వచ్చాం.

ఇవాళ కింద రలిత్సాకు జడుపు తీయడానికి సీసం పోశారు. భయానికి పాలు తగ్గిపోతున్నాయని గేనా ఎక్కడి నుంచో స్తామెన్కా అనే ముసలమ్మను పిలిపించింది. ఆవిడ రలిత్సా తల మీద ఎర్రగుడ్డ కప్పి, గరిటెలో సీసం కరిగించి, తలపైన పట్టుకున్న నీళ్ల గిన్నెలో పోసింది. అది సుయ్యిమనగానే రలిత్సా ఎగిరిపడింది, ఆమెకంటే ముందు నేను ఎగిరిపడ్డాను. తరవాత అందరం గిన్నె మీదికి వంగాం. ముద్ద ఏ రూపంలో ఉంటే ఆ పిల్ల దాన్ని చూసి జడుసుకున్నట్టు లెక్క. గేనాకు అందులో కుక్క కనిపించింది. రలిత్సాకు ఏమీ కనిపించలేదు. నీకేం కనిపిస్తోందమ్మా అని స్తామెన్కా నన్నడిగింది. నాకు వెల్లకిలా పడుకుని దేని కిందికో చెయ్యి చాపిన మగవాడు కనిపించాడు. కుక్కే అన్నాను.

అప్పుడే మీ అన్నయ్య వాళ్ల గుమ్మంలోకి వచ్చాడు, పొయ్యి మీద సూప్ పొంగిపోతోందని చెప్పడానికి. రలిత్సా కుళాయి గొడవ స్తామెన్కాకు మొదటి నుంచి చెబుతోంది. కాసేపు నిలబడి, ఈ కాలంలో కూడా ఈ సీసం పోయడమేమిటర్రా అని విసుక్కుని పైకి పోయాడు.

పైకి వచ్చేసరికి ఫ్రిజ్ ముందు కాపలా కాస్తూ కూర్చున్నాడు. తలుపు రబ్బరు అంటించానని, ఆరేదాకా ముట్టుకోవద్దని, ఏం కావాలన్నా తనే తీసిస్తానని అన్నాడు. జున్ను అడిగితే జున్ను, పెరుగు అడిగితే పెరుగు, బ్యాంకు గుమాస్తాలా లెక్కపెట్టి ఇస్తున్నాడు. పైగా మోటారు చూశావా, చప్పుడే లేదు అన్నాడు. నేను మెచ్చుకున్నాను.

ఆదివారం.

శుక్రవారం కుళాయి కరవలేదు, శనివారమూ కరవలేదు. అంతా సీసం మహిమేనని గేనా ఆ ముసలమ్మకు ఒక పళ్లెం నిండా జున్ను కూరిన బానిత్సా రొట్టె పంపించింది. నేను మాత్రం నమ్మలేదు. మోటారు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. కరిచేదీ దాంతో పాటే ఆగుతుంది, దాంతో పాటే మొదలవుతుంది. ఇప్పుడు ఆగిందంటే, రేపు సరిగ్గా పసివాడు నీళ్లలో ఉన్నప్పుడే మొదలవుతుందనుకున్నాను. రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లుతూ గడిపాను.

పొద్దున లేచేసరికి మూలికలు మరుగుతున్న వాసన కింద నుంచి వస్తోంది. మీ అన్నయ్య సంచి పట్టుకుని కీరో బీరుకొట్టుకు వెళ్లాడు. ఈ మధ్య రోజూ పొద్దున్నే వెళ్తున్నాడు, మందు ఎక్కువవుతోందని అదొక దిగులు. ఇక ఆలోచించడానికి టైము లేదు. మెట్ల దగ్గర పెట్టె తెరిచి మా ఇంటి ఫ్యూజులు విప్పేశాను. ద్రాక్షతీగలు కోసే కత్తెర పట్టుకుని ఫ్రిజ్ పక్కన బోర్లా పడుకున్నాను. కరెంటు లేదని తెలుసు, నా చేత్తో నేనే తీశాను. అయినా చెయ్యి ముందుకు పోదే. ఆ సందులో తీగ నల్లగా కనిపిస్తోంది, పట్టుకుంటే నన్నూ పట్టుకుంటుందేమో అనిపించింది. కళ్లు మూసుకుని కోసేశాను.

ఫ్యూజులు మళ్లీ బిగించి వచ్చాక, వేలు తడిచేసుకుని ఫ్రిజ్‌ను ముట్టుకున్నాను. తీగ లేదు కాబట్టి ఇప్పుడది కరవాలి. కరవలేదు. రెండోసారి ముట్టుకున్నాను, మూడోసారి అరచెయ్యి మొత్తం ఆనించాను. ఏమీ లేదు. కరిచినా బాగుండేదనిపించింది. ఇక్కడ లేదంటే ఎక్కడికి పోయింది? నేను కోయకూడని తీగ కోశానేమో, ఉన్నదంతా కిందికి దిగిపోయిందేమో అనుకున్నాను.

కాళ్లకు చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగాను. రలిత్సా టబ్బు అంచు మీద ఒక కాలు వేసి ఉంది, పసివాడు ఆమె భుజం మీద ఉన్నాడు. ఆగమన్నాను. ఆమెను పక్కకు తోసి, గౌను తడుస్తుందన్న ధ్యాస కూడా లేకుండా టబ్బులో దిగి, రెండు చేతులతో కుళాయి పట్టుకున్నాను. ఆ క్షణంలో మీ అన్నయ్య గుర్తొచ్చాడు. నేను పోతే ఆయనకు కారణం తెలియకూడదని మాత్రం దేవుణ్ని అడిగాను.

నీళ్లు వచ్చాయి, అంతే.

నాకు మతి పోయిందేమోనని గేనా నోరు తెరుచుకుని చూస్తోంది. మా ఊళ్లో నలభయ్యో రోజున పెద్ద ముత్తైదువ దిగి మొదటి నీళ్లు వదలాలి, అదే ఆనవాయితీ అన్నాను. గేనా వెంటనే నమ్మింది, భక్తిగా తువ్వాలు కూడా అందించింది. పసివాడు నీళ్లు తగలగానే గుక్కపట్టి ఏడ్చాడు. నేనూ టబ్బు అంచున కూర్చుని ఏడ్చాను. మంచి శకునమే అంది గేనా.

కాబట్టి ఓగ్నియన్, నువ్వు హడావిడిగా రానక్కర్లేదు. గండం గడిచింది. మీ అన్నయ్యకు ఏమీ తెలియదు, తెలియనివ్వకు. తన చేత్తో బాగుచేసిన ఫ్రిజ్ నడుస్తోందని ఆయన అనుకుంటున్నాడు, అదే చాలు. నీకు ఎప్పుడైనా బుద్ధి పుడితే ముందు నువ్వే పలకరించు, చిన్నవాడివి కదా. రేపు ఈ ఉత్తరం పోస్టు చేస్తాను.

ఉంటాను.
నీ క్షేమం కోరే వదిన,
దోన్కా

తా.క. ఒరేయ్ ఓగ్నియన్, ఇది నా రాత, నీ అన్న మెతోదిని. అంటించిన కవరు పిండిడబ్బాలో దొరికింది, ఆవిరి పట్టి తెరిచాను, మళ్లీ అంటించి అక్కడే పెడతాను. చదివానని మీ వదినకు చెప్పకు. ఆమె కోసిన తీగ రెండో కొస అప్పటికే గొట్టానికి లేదు. గురువారం ఆ పిల్ల గుమ్మంలో నిలబడి కుళాయి మాట విన్నాను, పైకి వచ్చి తీగ విప్పేసి ప్లగ్ పీకేశాను. ఆనాటి నుంచి ఫ్రిజ్ నడవడం లేదు. రోజూ పొద్దున్నే కీరో కొట్టు నుంచి ఐసు తెచ్చి లోపల పెడుతున్నాను. ఆమె అంత మురిసిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు ఆ రోజు చెప్పింది నిజమేరా. అసలు భయం ఇది కాదు. ఈ బిల్డింగులో ముప్పై ఏళ్లుగా ఎవరి ఫ్రిజ్ చెడినా, ఎవరి వాషింగ్ మిషన్ కరిచినా నన్నే పిలిచారు. అందరివీ గొట్టానికే కట్టాను. కీరో ప్లాస్టిక్ వేయించుకునేదాకా ఎవరికీ ఏమీ కాలేదు. ఏ ఇంట్లో కట్టానో, ఏ ఇంట్లో కట్టలేదో నాకు గుర్తులేదు. తలుపు తలుపూ తట్టి చెప్పాలి, ఒక్కణ్ణే వెళ్లలేకపోతున్నాను. రాత్రి బండికే బయల్దేరి రా.