వెనక అద్దం మీద అక్క దీవెన

కామాఠిపురా, పదకొండో గల్లీ, ముంబై
8 జనవరి 2026

ప్రియమైన తమ్ముడు తుకారాంకు,

మంగళవారం పొద్దున ఆరు నలభైకి నా కుడి అరచేయి తెగింది. ఏడు కుట్లు పడ్డాయి. అందుకే ఈ ఉత్తరం పక్క ఖోలీలో ఉండే మంగళ చేత రాయిస్తున్నాను. ఫోన్ చేస్తే బండి నడుపుతూ సగమే వింటావు.

గల్లీ చివర నేను అప్పుడే ఊడ్చిన చోట, పోయే కారులోంచి ఎవరో నల్ల సంచి విసిరారు. నేను తిరిగి చూసేసరికి కారు మలుపు దాటింది. సంచి ఎత్తితే లోపల పగిలిన సీసా. ఆ గాజు నా చేతి తొడుగును కూడా కోసింది. ఇంకా కోడి ఎముకలు, పిల్లల డైపర్లు, ఎవరో కక్కి తుడిచిన గుడ్డ. ఆ గుడ్డ తడి దవాఖానలో కడిగేదాకా నా గాయంలోనే ఉంది. ఇరవై రెండేళ్లుగా మునిసిపాలిటీలో ఊడుస్తున్నాను, ఎన్నడూ చీపురు మధ్యలో వదల్లేదు. ఆ రోజు వదిలేశాను.

అడ్డా మీద పని కోసం నిలబడ్డ పాలమూరు కూలీ ఒకాయన తన తువ్వాలు చుట్టి దవాఖానకు తీసుకుపోయాడు. ఆ రోజు ఆయన పని పోయింది. నొప్పిలో పేరు కూడా అడగలేదు.

"ఆ కారోడి చేతులు పడిపోను అని రాయాల్నా?" అంటోంది మంగళ. వద్దన్నాను. "అయితే నా తరఫున రాస్తున్న," అని రాసేసింది.

ఇంకో మాట. ముకాదం పోస్టుకు నా పేరు పంపారు. ముప్పై మంది పనివాళ్ల హాజరీ నా చేతిలో ఉంటుంది. నా మీద ఏ కేసూ లేదని చూసుకునే పంపారట. మరదలు సీమాకు చెప్పు.

నీ అక్క
రత్నాబాయి

కల్యాణ్
11 జనవరి

ప్రియమైన అక్కకు,

ఉత్తరం చదివి సీమా ఏడ్చింది. అలాంటివాళ్లను బండి దించి, వాళ్ల చేతనే ఎత్తించాలి.

గల్లీ చివర అంటే నాగ్‌పాడా వైపా, గ్రాంట్ రోడ్ వైపా? కారు ఏ రంగు? నంబరు ఎవరైనా రాసుకున్నారా? చెప్పు. నాకు తెలియని డ్రైవరు లేడు, పట్టుకుంటాను.

"మా అక్క ముకాదం అయితున్నది" అని స్టాండులో అందరికీ చెప్పాను. నా బండి కూడా ఒక కంపెనీలో నెలవారీగా కుదిరింది. బండి నీ పేరు మీద తీసుకున్న నాటి నుంచి ఒక్క రోజు ఖాళీగా నిలబడలేదు. అంతా నీ చేతి చలవ.

నీ తమ్ముడు
తుకారాం

కామాఠిపురా
21 జనవరి

ప్రియమైన తుకారాంకు,

నిన్న సాయంత్రం నాలుగింటికి నా పేరు మీద నోటీసు వచ్చింది. కుట్లు విప్పారు కాబట్టి ఇది నేనే రాస్తున్నాను.

జనవరి 6న, పొద్దున ఆరు ముప్పై ఎనిమిదికి, నీ నంబరు కారులోంచి రోడ్డు మీద చెత్త వేశారట. బండి యజమాని రత్నాబాయి. లోపల ఎవరు కూర్చున్నా జరిమానా యజమానిదే. ఆ సమయంలో బండి ఎవరి చేతిలో ఉందో పదిహేను రోజుల్లో రాసిస్తే పేరు మారుస్తారు. లేకపోతే నేనే.

రోడ్డు కెమెరా తీసిన ఫోటో కూడా పంపారు. డ్రైవరు వైపు కిటికీలోంచి ఒక చేయి, చేతిలో నల్ల సంచి. వెనక అద్దం మీద పెద్ద అక్షరాలు, 'తాయీచా ఆశీర్వాద్'. అక్క దీవెన అని నువ్వే మరాఠీలో రాయించావు. మొదటి బండి ఆడబిడ్డ పేరు మీద ఉంటే కలిసొస్తుందన్నావు. నేను టెంకాయ కొట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను.

"రత్నక్కా, ఏసేది నువ్వే, ఊడ్చేది నువ్వేనా?" అని హాజరీ వేసే చౌకీలో నాతో ఊడ్చే ముత్తమ్మ అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. తర్వాత సూపర్‌వైజరు పక్కకు పిలిచి చెప్పాడు. జరిమానా నా పేరున ఉంటే ముకాదం జాబితాలో నా పేరు ఉండదు.

ఆ చేయి ఎవరిది, తమ్మీ?

నీ అక్క
రత్నాబాయి

కల్యాణ్
25 జనవరి

ప్రియమైన అక్కకు,

కోపం తెచ్చుకోకుండా చదువు. ముందు రోజు రాత్రి పెళ్లివాళ్ల ట్రిప్పు. సీట్ల కింద అన్నీ వదిలిపోయారు. ఏడింటికి కంపెనీ మేడం ఎక్కాలి. ఆ వాసనతో ఎక్కిస్తే మళ్లీ పిలవరు. డ్రైవర్లందరూ మీ గల్లీ మూలనే ఖాళీ చేస్తారు, ఎలాగూ ఊడుస్తారు కదా అని. ఆ వారం నీ డ్యూటీ ఎనిమిదో గల్లీలో అనుకున్నాను. నువ్వు అక్కడ ఉంటావని తెలిస్తే వేస్తానా?

నా పేరు రాస్తే కంపెనీ నన్ను తీసేస్తుంది. అందుకే ఒక దారి చూశాను. మొగులయ్య అని అడ్డా కూలీ, అప్పుడప్పుడు నా బండి కడుగుతాడు. ఊళ్లో ట్రాక్టరు నడిపాడు, లైసెన్సు ఉంది. ఆ పొద్దున బండి అతనే తీశాడని కాగితం రాసి సంతకం తీసుకున్నాను. ఇందులో పెట్టాను. కింద నీ సంతకం చేసి ఇచ్చెయ్. జరిమానా నేనే కడతాను. కూలీ మనిషి, అతనికి పోయేదేముంది?

నీ తమ్ముడు
తుకారాం

కామాఠిపురా
29 జనవరి

తుకారాంకు,

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు వార్డు ఆఫీసులో కాగితం ఇచ్చాను. అందులో పేరు నీది.

అంతకు ముందు, పొద్దున, అడ్డాకు పోయాను. మొగులయ్య ఎవరని అడిగితే ఒకాయన ముందుకొచ్చాడు. భుజం మీద కొత్త తువ్వాలు. పాతది నా దగ్గరే ఉంది, ఎంత ఉతికినా మరక పోలేదు.

"చెయ్యి మానిందా అమ్మా?" అన్నాడు.

నీ కాగితం చదివి వినిపించాను.

"పార్కింగు కాయితమని చెప్పిండమ్మా. నాకు చదువుడు రాదు. పెట్టుమన్న కాడ పెట్టిన." నా అరచేయి వంక చూశాడు. "ఆ పొద్దుగాల నేను నీ తాననే ఉంటి గదా."

దవాఖాన చీటీ తీసి చూశాను. తీసుకొచ్చినవారు అన్న చోట అతని పేరే ఉంది, సమయం ఏడు గంటల ఐదు నిమిషాలు. ఆ చీటీ నకలు కూడా ఆఫీసులో ఇచ్చాను.

ఆ సంచిలోని గుడ్డను ఇన్ని రోజుల్లో మరిచిపోయాను. నీ కాగితం పట్టుకున్న చేతిని మాత్రం మూడు సార్లు సబ్బుతో కడుక్కున్నాను.

నేను ఎనిమిదో గల్లీలో ఉన్నాననుకుని వేశానన్నావు. నేను అక్కడ ఉంటే పదకొండులో ముత్తమ్మ ఉండేది. ఆమెకూ రెండు చేతులే ఉన్నాయి.

నీ మొదటి ఉత్తరం మళ్లీ చదివాను. ఏ మూల అని అడిగావు. కారు రంగు అడిగావు. నంబరు అడిగావు. దెబ్బ ఎంత లోతు అని అడగలేదు.

నీ కంపెనీ పని పోవచ్చు. నా ముకాదం పోస్టు కూడా విచారణ అయ్యాకే తేలుతుందన్నారు.

సోమవారం, ఫిబ్రవరి 2న, పదకొండు గంటలకు వార్డు ఆఫీసు రెండో అంతస్తులో విచారణ. మొగులయ్య వస్తాడు, ఆ రోజు కూలి నేను ఇస్తానన్నాను. నేనూ వస్తాను. నువ్వు బండి తీసుకుని రా. అది ముగిశాక, రెండు గంటలకు ఆర్టీఓ ఆఫీసుకు పోవాలి. బండిని నీ పేరుకు మార్చే కాగితాల మీద నా సంతకం అయిపోయింది.

వెనక అద్దం మీది అక్షరాలు గీకేసి రా.

రత్నాబాయి