బాలరాజు లాగిన్‌లో ఎవరు?

ఏప్రిల్ 6, సోమవారం

పొద్దున్నే స్టాండప్ మీటింగ్. బాలరాజు మళ్ళీ కెమెరా పెట్టలేదు. "పోయినవారంది అయిపోయింది మేడం, ఇవాళ్టిది మొదలెట్టాను మేడం, అడ్డంకులేమీ లేవు మేడం." మూడు ముక్కలు... మ్యూట్. జి.మాడుగుల అవతల, గట్టిగా గాలి కొడితే నెట్ పోయే ఊళ్ళో కూర్చున్న మనిషికి ఒక్క అడ్డంకీ లేదట! అరకులో టవర్ పక్కనే ఉన్న నాకే రోజూ ఏదో ఒక ఏడుపు.

అనుమానం నా జబ్బు. ఒప్పుకుంటాను. కానీ మొన్న అతను పంపిన కోడ్ చూశాను కదా — అది అతని చేతి రాత కాదు. బాలరాజు పొదుపరి. ఎందుకు రాశాడో ఒక్క ముక్క వివరణ పెట్టడు. ఇందులో అడుగడుగునా వివరణలే. మర్యాదగా, ఫుల్‌స్టాపులు పెట్టి మరీ.

ఎవరు రాశారు?

ఏప్రిల్ 7

హైదరాబాద్ నుంచి ప్రవీణ్ సార్ ఫోన్. ఈ సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయ్యాక తేలుస్తారట — నేను, బాలరాజు, పార్వతీపురంలో సుశీల ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉండి పని చేయొచ్చా, లేక మూటాముల్లె సర్దుకుని ఆఫీసుకి రావాలా అని. "నీ మాట మీదే వాళ్ళని అక్కడ ఉంచాను సునీతా. నీ టీమ్ మీద నీకు నమ్మకమేగా?"

నమ్మకమే సార్ అన్నాను. అంత గబుక్కున అనకుండా ఉండాల్సింది.

నేను మళ్ళీ ఆ హాస్టల్ గదికి వెళ్ళను. కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ. బాలరాజైతే చేరిన రోజే చెప్పేశాడు, ఊరు వదలాలంటే ఉద్యోగమే వదిలేస్తానని.

ఏప్రిల్ 8

మా క్లయింటు బ్యాంకు కొత్త రూలు పంపింది. ఒకరి లాగిన్‌తో ఇంకొకరు పని చేస్తే, ఇచ్చినవాళ్ళూ వాడినవాళ్ళూ ఇద్దరూ అదే రోజు ఇంటికి. స్టాండప్‌లో చదివి వినిపించాను. ఓకే మేడం, ఓకే మేడం.

ఆ వెంటనే నా పాత ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇది నాది, అది నీది అని గీతలు గీసుకోవద్దు. పని టీముది. ఒకరు ఆగితే ఇంకొకరు అందుకోవాలి... సుశీల బుద్ధిగా తల ఊపింది. బాలరాజు ఊపాడో లేదో ఏం తెలుస్తుంది, తెర మీద నల్ల పెట్టె.

ఏప్రిల్ 10, శుక్రవారం

అమ్మ సంత నుంచి ఆలస్యంగా వచ్చింది. దారిలో ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని ఆటో ఆపేశారట. పండగ మామూలు ఇస్తేగానీ వదల్లేదు. "ఇటుకల పండగ కదే, ఏట పండగ! మనం సర్చికెళ్ళేవోళ్ళమైతే మాత్రం, ఆళ్ళు వదుల్తారేటి?"

నవ్వాను. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. బాలరాజు వాళ్ళూరు కూడా ఇదే పండగ చేస్తుంది.

"అమ్మా, ఈ పండగ రోజుల్లో వాళ్ళు పనికి వెళ్తారా?"

"ఏటి, పనా? మగోళ్ళు ఏటకి పోతారు, ఆడోళ్ళు రోడ్డు మీద. ఊళ్ళో ఒక్కడు పని ముట్టడు. ముడితే ఊరోళ్ళు ఊరుకుంటారేటి?"

ల్యాప్‌టాప్‌లో, ఎవరి పని ఎంతైందో చూపే బోర్డు తీశాను. ఇవాళ బాలరాజు పేరు మీద రెండు పనులు పూర్తయినట్టు ఉన్నాయి. ఫోన్ చేశాను. వెనక డప్పులు, కేకలు. పని ఎలా ఉంది బాలరాజూ? "జరుగుతోంది మేడం!" అబ్బో. అడవిలో వేట, బోర్డు మీద పని, రెండూ జరుగుతున్నాయి!

ఏప్రిల్ 11

ఊరూ పేరూ తెలియని ఎవడికో కూలికి ఇచ్చి చేయిస్తున్నాడా? బ్యాంకు కోడ్‌ని? అదే నిజమైతే అతని ఉద్యోగం పోతుంది. తీసుకొచ్చి కూర్చోబెట్టినందుకు నాదీ పోతుంది.

ఏప్రిల్ 13, సోమవారం

వల వేశాను. స్టాండప్‌లో ఉన్నట్టుండి — బాలరాజూ, శుక్రవారం రాసింది ఒకసారి స్క్రీన్ మీద పెట్టి చెప్పు.

గొంతు సవరించుకున్నాడు. "అదీ... మేడం..."

ఎవరూ అడక్కుండానే సుశీల అందుకుంది. "పాపం ఆయనకి వాయిస్ కట్ అవుతున్నట్టుంది మేడం, నేను చెప్తాను." చెప్పేసింది. ఎక్కడా తడుముకోలేదు, సొంత వంటింట్లో డబ్బాలు చూపించినట్టు. వాయిస్ ఎక్కడ కట్ అయింది? అతని ఊపిరి కూడా వినిపిస్తోంది నాకు.

అంటే రాసింది సుశీలా! దొంగమొహాలు. ఎన్నాళ్ళ నుంచి?

ఏప్రిల్ 14

అమ్మకి చెప్పాను. "ఆ గుంటకీ ఈ గుంటడికీ ఏదో ఉన్నాదే" అని ఒకటే నవ్వు. ఉంటే పెళ్ళి చేసుకోమనండి, నా ప్రాజెక్టులో ఏమిటిది?

రేపు బాలరాజు ఊరికి వెళ్తాను. మొహం చూసి అడుగుతాను. ఆఫీసుకి చెప్పను. చెబితే ఎందుకని అడుగుతారు.

ఏప్రిల్ 15

పాడేరు బస్టాండు. జి.మాడుగుల బస్సు కోసం చూపులు. మధ్యాహ్నంలోగా బోర్డు సరిచేయాలి, ప్రవీణ్ సార్ పైవాళ్ళకి చూపిస్తాడు. ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంది, ఇక్కడ్నుంచి పైకి సిగ్నల్ ఉండదు. ఉన్నది సుశీల ఒక్కతే కదా... ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెప్పాను, కాస్త నా పేరుతో మార్చిపెట్టమని. ఎందుకు, ఎక్కడున్నారు అని కూడా అడగలేదు. "మరేం పర్లేదు అక్కా, నేను చూసుకుంటాను, ఎల్లిరండి." ఎంత అలవాటో మహాతల్లికి!

సాయంత్రం, తిరుగు బస్సులో —

బాలరాజు కంగారు పడలేదు. అదే నాకు కంగారు. స్టాండప్‌లో మేడం, ఇంటి ముందు అక్క. రాగి అంబలి ఇచ్చి, ఎదురుగా కూర్చుని, అడిగిందానికి అడిగినట్టు చెప్పేశాడు.

"సుసీలక్క సెల్లి పెళ్ళికి ఆ యక్క పని నాను సేసినాను. పండగ ఏర్పాట్లు మొదలైనకాడ్నుంచి నా పని ఆ యక్క సేసినాది. తప్పేటక్కా?"

రూలు చదివాను కదయ్యా!

"ఇన్నాను. బయటోళ్ళకి ఇవ్వకూడదని కదేటి? మాం బయటోళ్ళమా? ఇయ్యాల ఊరోళ్ళు నా సేను కోత్తారు, రేపు ఆళ్ళ సేను నాను కోత్తాను. ఎవులు కోసినా సేను నా పేరునే ఉంటాది." నా గిన్నెలో ఇంకాస్త అంబలి పోసి, "మీరే సెప్పినారు, పని టీముదని. గీతలొద్దని."

కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అతను నిజంగానే నా మాట విన్నాడు. ఇన్నేళ్ళలో నా ఉపన్యాసాన్ని నమ్మినవాడు ఒక్కడు దొరికితే, వాడి ఉద్యోగం నేనే తీయాలా?

లేక ఇదంతా నన్ను పడేయడానికేనా? అంబలి ఇచ్చి మరీ? ఛీ. నా బుద్ధి.

ఏప్రిల్ 16

ఇద్దరికీ చెప్పాను, ఈ క్షణం నుంచి బంద్ అని. పాస్‌వర్డులు మార్చుకున్నారు. సుశీల ఏడ్చింది. "మా ఇంట్లో నా జీతమే అక్కా." నాకు తెలియదా?

ఇక ఎవరికీ తెలియనక్కర్లేదు. రిలీజ్ బాగానే సాగుతోంది. నిద్ర పట్టేలా ఉంది.

ఏప్రిల్ 17, శుక్రవారం

ప్రవీణ్ సార్ మెయిల్. బ్యాంకువాళ్ళు అడుగుతున్నారట. "నీ టీములో ప్రతి ఒక్కరూ తమ లాగిన్‌తోనే పని చేశారా? అవును, కాదు, ఒక్క మాటలో పంపు. నువ్వు ఏది చెబితే అదే నేను పైకి చెప్తాను."

అవును అని టైప్ చేశాను. పంపేలోపు ఫోన్.

"సునీతా, ఇంకో చిన్న విషయం. బుధవారం మధ్యాహ్నం బోర్డు మార్చింది నువ్వేనా? నువ్వు అరకులోనే ఉన్నావు కదా. పార్వతీపురం నుంచి మార్చినట్టు కనిపిస్తోంది."

పాడేరు బస్టాండు. ఎండ. నా నోటితో నేనే, ఒక్కో అక్షరం విడమర్చి మరీ చెప్పాను పాస్‌వర్డ్. వాళ్ళని పట్టుకోవడానికి వెళ్తూ!

"సార్... వాయిస్ కట్ అవుతోంది సార్" అని పెట్టేశాను.

ఆయనకి ముందే తెలుసా? తెలిసే ఆ మెయిల్ పంపాడా?

అవును అంటే నా అబద్ధం ఆయన చేతికి చిక్కుతుంది. కాదంటే ముగ్గురం పోతాం. బాలరాజు నుంచి మెసేజ్ — "అక్కా, సార్ నాకూ ఫోన్ సేత్తన్నారు. ఏటి సెప్పమంటారు? మీరేది సెప్తే నాను అదే."

మళ్ళీ మోగుతోంది. నెట్ ఇవాళ ఎంత బాగుందో, ఒక్క గీత తగ్గలేదు.

వంటింట్లోంచి అమ్మ — "ఏటే, ఫోను అలా మోగతంటే ఎత్తవేటి?"