పదకొండేళ్లుగా ఖాళీగా ఉన్న గడి

అక్టోబరు 17

జిల్లా రవాణా శాఖాధికారి వెనియమిన్ అర్కాద్యెవిచ్ గారి సముఖమునకు, ఉస్త్-తాల్మ గ్రామ విమానాశ్రయ అధికారి యెవ్సేయ్ నికోనొవిచ్ జిర్యానొవ్ పంపుకొను అర్జీ.

విషయం: మా ఊరికి విమానం లేదని ఒప్పుకొని, తక్షణం గాలిపడవ పంపించుట గురించి.

అయ్యా,

1. తమ కార్యాలయపు కంప్యూటరు ప్రకారం మా గ్రామమునకు ‘తాల్మావియా’ కంపెనీ విమానం వారానికి రెండుసార్లు వచ్చుచున్నది. చాలా సంతోషం. సదరు విమానమును మేము చూసి పదకొండేళ్లయినది. ఈ అర్జీని పోస్టాఫీసు కంప్యూటరులో పంపుతున్నాను. ఎందుకనగా టపా కూడా ఆ విమానంలోనే వెళ్తుందని తమ లెక్క.

2. సదరు కంపెనీ చరిత్ర తమకు మనవి చేయుట నా విధి. ముప్పై ఏళ్ల క్రితం, దేశం ముక్కలైనప్పుడు, మా జిల్లా వాటాకు మూడు పాత ‘అన్నూష్క’ విమానాలు మిగిలినవి. వాటికి ఎనిమిది మంది డైరెక్టర్లు, ఇద్దరు పైలట్లు. మొదటి విమానం ఎగిరేది. రెండవది తన సామాను ఒక్కొక్కటే మొదటిదానికి దానం చేసేది. మూడవదాని సీట్లు పెద్ద డైరెక్టరు గారి స్నానాల గది వసారాలోకి పోయినవి. వారు ఆవిరిస్నానం చేసి వచ్చి బెల్టు పెట్టుకుని మరీ కూర్చునేవారని వినికిడి.

అయినా నిజం చెప్పాలి. ఆ ఒక్క విమానమే పంతొమ్మిదేళ్లు మమ్మల్ని మోసింది. బంగాళాదుంపలు తూచే కాటా మీద జనాన్ని బొచ్చుకోట్లతో సహా తూచి ఎక్కించేవాణ్ణి. ఫెవ్రోన్య అవ్వ బరువు ఒకసారి పైకి చదివినందుకు ఆవిడ ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. నా భార్యకు నొప్పులొచ్చిన రోజు, ఎదుటి మనిషి కనబడని మంచులో, పైలట్ అన్ఫీమ్ లుకిచ్ ఆమెను నలభై నిమిషాల్లో పట్నం చేర్చాడు. నా కూతురు లుకేర్య అలా పుట్టింది.

3. పదకొండేళ్ల క్రితం అక్టోబరు 14న అన్ఫీమ్ విమానాన్ని మరమ్మతుకు తీసుకుపోతూ నాతో అన్నాడు: “ఒరేయ్ యెవ్సేయ్, నా టీ మీద మూత పెట్టు. చల్లారేలోగా వచ్చేస్తా.” ఆ టీ ఈపాటికి చల్లారి ఉండునని నా అంచనా. కంపెనీ మూతపడింది. డైరెక్టర్లు ఎనిమిది మందీ క్షేమంగా దిగిపోయారు. మాకు మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసినట్టు కాగితమూ రాలేదు. కాబట్టి గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డసంచి చిరిగినప్పుడల్లా ఇంట్లో కిటికీ తెర ఒకటి కోసి కుడుతూనే ఉన్నాను.

4. అసలు సంగతి. లుకేర్యకు నెలలు నిండుతున్నవి. నిన్న మా ఊరి వైద్యసహాయకురాలు జోయా పొట్ట తడిమి, “బిడ్డ అడ్డం తిరిగింది బాబాయ్. ఇక్కడ నా వల్ల కాదు. వారంలోగా పట్నం చేర్చాల్సిందే” అన్నది. నదిలో మంచుముక్కలు దిగినవి. పడవ పోదు. నవంబరు చివరిదాకా నది గట్టిపడదు, స్లెడ్జిబండి నిలవదు. మంచు మీదా నీళ్ల మీదా పోగలిగినది జిల్లావారి గాలిపడవ ఒక్కటే. తమ కార్యాలయానికి ఫోను చేయగా రైసా పావ్లోవ్న గారు ఎత్తారు.

“గాలిపడవ విమానం లేని ఊళ్లకే తాతగారూ. మీకు విమానం ఉందిగా, తెర మీద కనబడుతోంది.”

“ఆ తెర ఎక్కి కూర్చోమంటావా తల్లీ మా పిల్లని?”

“నా మీద అరిస్తే ఏం లాభమండీ? ఏటా మీరు నింపే ఫారంలో పద్నాలుగో గడి, చివరి విమానం తేదీ, ఖాళీగా వదిలేస్తున్నారు. ఖాళీ అంటే నడుస్తున్నట్టే.”

5. ఆ ఖాళీ నా పనే అయ్యా. విమానాల వాళ్లెవరూ ఆ ‘చివరి’ అన్న మాట నోటితో అనరు, చేత్తో రాయరు. అంటే అదే నిజమవుతుందని మా భయం. ఒకసారి స్కూళ్ల ఇన్‌స్పెక్టరు విమానం మెట్లెక్కుతూ “ఇదేనా చివరి సీటు?” అన్నాడు. అన్ఫీమ్ ఆయన్ను భుజం పట్టి దింపి, “మీ సీటు మొన్ననే వెళ్లిపోయింది సార్, మీరే రాలేదు” అన్నాడు. అలాంటివాడి విమానానికి నేనెలా ముగింపు రాసేది? రాయనంతకాలం అది ఎక్కడో ఆలస్యమవుతోంది, అంతే.

కనుక తమరే పెద్ద మనసు చేసుకొని ఆ గడి నింపించి, నది మూసుకుపోకముందే గాలిపడవ పంపునట్లు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
యె. ని. జిర్యానొవ్
విమానం లేని విమానాశ్రయ అధికారి

తా.క.: ఇది లుకేర్య చదివింది. తిడుతుందనుకున్నాను. నా పక్కన కూర్చుని, “నాన్నా, అన్ఫీమ్ మామ రాడు. నాకు భయంగా ఉంది” అన్నది. నా బిడ్డ భయమని అనగా ఇంతవరకు నేను వినలేదు. ఫారం తీసి పద్నాలుగో గడిలో తేదీ రాశాను. కీడు తగలకుండా మా ఆచారం ప్రకారం ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ఉమ్మి, బల్ల తట్టి, కాసేపు ఏడ్చాను. ఫారం జతపరిచాను. గడి నిండింది. పడవ పంపించండి బాబూ. వచ్చేది నా మొదటి మనవడో మనవరాలో. మొదటి అని రాయడానికి మా వాళ్లకు ఏ పట్టింపూ లేదు.