బుధవారం వీధిలోకి వచ్చే నా గొంతు

కుట్టు మిషన్లు బాగుచేస్తూ, సూదులూ దారాలూ గుండీలూ అమ్ముతూ ముప్పై ఒక్క ఏళ్లు బండి మీదే బతికిన, జనం మిషనక్క అని పిలిచే నేను, వయసు అరవై మూడు సంవత్సరాలు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. అసలు బలవంతపెట్టడానికి నా పక్కన ఎవరున్నారు గనక! గొంతు పోయింది గానీ మతి పోలేదని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జత చేశాను. ఇంకో నాలుగు నెలలు గడిస్తే గొప్పేనని కూడా ఆయనే చెప్పాడు. నా సర్వస్వమూ నా చెల్లెలికే అని ఆరేళ్ల క్రితం నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. దాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశాను, ఎవరూ వెతకనక్కర్లేదు.

ఇది అమలు జరిపించే బాధ్యత మా మెకానిక్‌కి అప్పగిస్తున్నాను. మా బండి రెండు నెలలు కూడా నడవదని ఇరవై ఏళ్ల క్రితం మొహం మీదే చెప్పిన మనిషి. అప్పట్నుంచీ దాన్ని నడిపిస్తున్నదీ ఆయనే.

1. నా స్వార్జితమైన పాత వ్యాను, అందులోని పనిముట్లు, విడిభాగాలతో సహా, నా తదనంతరం సదరు మెకానిక్‌కే చెందవలెను. లోపలి చెక్కబల్ల ఊడదీయవద్దని మనవి. పగలు దాని మీద మిషన్లు విప్పేవాళ్లం, పనయ్యాక దాని మీదే పరుపేసుకుని పడుకునేవాళ్లం. కిటికీ వైపు నేను, తలుపు వైపు నా చెల్లెలు, మా చిన్నది. ఆ పరుపు మాత్రం అవతల పారేయవలెను.

2. మా వదినకు నా నూనెడబ్బా, సన్న స్క్రూడ్రైవరు ఇస్తున్నాను. ఏటా వెళ్లి ఆవిడ మిషనుకి నూనె వేసి వచ్చేదాన్ని, ఇక ఆవిడే వేసుకోవాలి. ఆడవాళ్లు ఇద్దరూ రోడ్డున పడి తిరుగుతూ తన పరువు తీశారని ఊరంతా చెప్పుకున్న మా అన్నయ్యకు ఏమీ లేదు. ఇస్తే పరువు పోతుంది పాపం.

3. దారి పుస్తకం. నలభై రెండు మజిలీలు, ఎక్కడ బండి నీడన పెట్టాలి, ఎవరింటి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోనిస్తారు, ఏ గేటు వెనక కుక్క కరుస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఎవరికీ ఇవ్వలేను. నేను ఆస్పత్రిలో ఉండగా చిన్నది పట్టుకుపోయింది.

4. ఇప్పుడు అసలు ఆస్తి సంగతి. అది నా గొంతు.

పుట్టినప్పట్నుంచీ చిన్నదానికి మాట తడబడుతుంది. నలుగురు చూస్తుంటే అసలే రాదు. అందుకే అరుపు నాది, చేతిపని దానిది అని పంచుకున్నాం. మిషను చప్పుడు విని రోగం చెప్పేది, అంత పనిమంతురాలు. నేను వీధి మొదట్లో నిలబడి “మిషను ఆగిందా తల్లీ, దారం తెగిందా తల్లీ, సూదులున్నాయి గుండీలున్నాయి, దిగి రండమ్మా దిగి రండి” అని ఎత్తుకుంటే మూడో అంతస్తు నుంచి కూడా దిగి వచ్చేవాళ్లు.

పోయినేడు గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్‌కి వారం ముందు చిన్నది నన్ను బండిలో కూర్చోబెట్టి, అద్దాలు పైకెత్తి, ఆ పిలుపు రికార్డు చేసింది. మళ్లీ వినాలనిపిస్తే ఉంటుందని కాగితం మీద రాసి చూపించింది. నేను పిచ్చిదాన్ని, దాన్ని వాటేసుకుని ఏడ్చాను. ఆ రికార్డు చివర నా దగ్గు కూడా పడింది.

ఆస్పత్రిలో నలభై రోజులున్నాను. మొదటి వారం వచ్చింది, తర్వాత రాలేదు. ఒళ్లు బాగాలేదేమోనని నేనే బెంగపడ్డాను. బయటికొచ్చి, నోరు లేదు కాబట్టి చేతిగంట ఒకటి కొనుక్కుని, పాత బండేసుకుని బయల్దేరాను. మొదటి వీధిలోనే ఆడవాళ్లు వింతగా చూశారు. నిన్ననే కదా వచ్చి పిలిచావు, నిన్ననే కదా సూదులు కొన్నాం, మళ్లీ ఇవాళేమిటి అన్నారు. రెండో వీధిలోనూ అదే మాట. చిన్నది ఇంకో బండి అద్దెకు తీసుకుని, మైకులో నా గొంతు పెట్టుకుని, నా దారిలోనే నాకంటే ఒక రోజు ముందు తిరుగుతోంది. అక్క ఏదని ఎవరైనా అడిగితే ముందు సీటు వైపు చెయ్యి చూపించి, పడుకుందన్నట్టు చెంప కింద అరచెయ్యి పెట్టిందట. నోరు విప్పకుండా ఎంత అబద్ధం ఆడింది!

ఇంకొకటి. మైకులో దగ్గు విని జనం నాకిమ్మని దగ్గుమందు సీసాలు ఇచ్చి పంపారు. అవి నా ఆస్తి. ఒక్కటీ నాకు చేరలేదు. అవి ఎన్ని ఉంటే అన్నీ మెకానిక్ స్వాధీనం చేసుకోవలెను.

ఆ రోజు బండి వెనక్కి తిప్పేశాను, మళ్లీ తీయలేదు. నా గొంతు నాకంటే ముందు వెళ్లిన వీధిలో గంట ఊపుకుంటూ తిరగడం నావల్ల కాలేదు. అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కదా! గొంతూ ఇచ్చేదాన్ని, బండీ ఇచ్చేదాన్ని. నా కడుపు మండుతున్నది దానికే.

ఈ లాడ్జిలో మేడమీద గది ఎందుకు తీసుకున్నావని అడిగారు కొందరు. ప్రతి బుధవారం పదకొండు గంటలకు చిన్నదాని బండి ఈ కింది వీధిలోకి వస్తుంది. కిటికీ రెక్క వేసుకుని వింటాను. ఇవాళ కూడా, పై పేరా రాస్తుండగా, వచ్చి వెళ్లింది. నేను దగ్గడం విన్నాను.

ఆ రికార్డు తుడిచేయాలని మొదట రాశాను, కొట్టేశాను. దానికే ఉంచుకోమని రాశాను, అదీ కొట్టేశాను. చివరికి నా గొంతును నా చెల్లెలికే, కింది షరతులకు లోబడి, ఇస్తున్నాను.

(అ) నేను పోయిన తర్వాత ఒకే ఒక్క చుట్టు, నలభై రెండు మజిలీల్లోనూ, ఒక్కొక్కసారి చొప్పున దాన్ని వినిపించవచ్చు.

(ఆ) దగ్గు వినపడగానే మైకు ఆపి, బండి దిగి, వచ్చినవాళ్లందరి ముందూ తన నోటితో చెప్పవలెను. ఇది మా అక్క గొంతు, మా అక్క చచ్చిపోయింది, ఇన్నాళ్లూ ముందు సీట్లో లేదు అని. చేతి సైగలు చెల్లవు, కాగితం చెల్లదు. చెప్పిందా లేదా అని చూడటానికి ఆ చుట్టంతా మెకానిక్ అదే ముందు సీట్లో కూర్చోవలెను.

(ఇ) ఏ ఒక్క మజిలీలో చెప్పకపోయినా మెకానిక్ అక్కడికక్కడే రికార్డు తుడిచేయవలెను. అన్నిచోట్లా చెబితే చివరి మజిలీలో తుడవవలెను. ఆ తర్వాత తన నోటితో పిలుచుకుని అమ్ముకుంటుందో, మానుకుంటుందో దాని ఇష్టం. నా చేతిగంట దానికిప్పించవలెను.

ఈ షరతు దానికి ఎంత కష్టమో నాకు తెలుసు. తెలిసే పెట్టాను. దాన్ని క్షమించానని ఎవరూ అనుకోవద్దు. అయితే మెకానిక్‌కి ఒక మాట. అది చెబుతున్నప్పుడు తొందరపెట్టవద్దు, దాని బదులు మీరు పూర్తి చేయవద్దు. చిన్నప్పుడు అక్కా అని పిలవడానికి దానికి ఎంతసేపు పట్టినా, మొత్తం అయ్యేదాకా నేను వెనక్కి తిరిగి నిలబడే ఉండేదాన్ని. మన జనం కూడా నిలబడతారు.

బుధవారం, 18 సెప్టెంబరు 2019, లాడ్జి మేడమీద గదిలో రాసి సంతకం చేయడమైనది.

(చేవ్రాలు) మిషనక్క

మా ఎదుటే సంతకం చేసిందని సాక్షులు:
1. లాడ్జి యజమానురాలు
2. కింది మందుల షాపాయన